శ్రవణ నాడి తెగిపోయాక కూడా చెవిలో హోరు: మెదడు తరంగాల పరిశోధనను ఎంతవరకు నమ్మాలి?

ప్రశ్న – ఎడమచెవి

నమస్కారం. ఎడమ చెవి నాడి మీద పెరిగిన కణితికి పద్నాలుగు నెలల క్రితం నాకు ఆపరేషన్ జరిగింది. వైద్యులు దీన్ని వెస్టిబ్యులార్ ష్వానోమా అన్నారు. అకౌస్టిక్ న్యూరోమా అన్న పాత పేరు కూడా వాడుకలో ఉందని తరవాత తెలిసింది. అది క్యాన్సర్ కాదని మొదటి రోజే చెప్పారు. అయితే 2.6 సెంటీమీటర్లకు పెరిగి మెదడు కాండాన్ని ఆనుకొని ఉండటం వల్ల, ఆ చెవిలో వినికిడి అప్పటికే చాలావరకు పోయినందువల్ల, చెవి వెనుక ఎముకను తొలిచి లోపలి చెవి గుండా కణితిని చేరుకునే పద్ధతిని ఎంచుకున్నారు. ఆ దారిలో వెళితే ఆ చెవిలో మిగిలిన కాస్త వినికిడి కూడా దక్కదని, కణితితో పాటు శ్రవణ నాడిని కూడా కోయవలసి రావచ్చని ముందుగానే వివరించారు. చివరికి అలాగే జరిగింది.

ఆపరేషన్‌కు ముందు రెండేళ్లుగా ఆ చెవిలో సన్నటి కూత ఉండేది. నాడే లేకపోతే ఇక మోత ఎక్కడి నుంచి వస్తుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే, ఒక చెవిని పూర్తిగా వదులుకోవడానికి నా మనసు ఒప్పుకున్నది ఆ ఆశ వల్లనే. కణితి పోయింది, మొహం మీద బలహీనత ఏమీ రాలేదు, నడక కూడా కొన్ని నెలల్లో కుదుటపడింది. మోత మాత్రం పోలేదు. పూర్వపు సన్నటి కూత స్థానంలో, దూరంగా కరెంటు తీగలు గుయ్యిమంటున్నట్టు ఒక హోరు వచ్చి కూర్చుంది. ఆ చెవిలోకి బయటి శబ్దం ఒక్కటి కూడా చేరదు, ఇది మాత్రం ఆగదు.

ఇంకొకటి కూడా ఉంది. తల కదపకుండా కళ్లను మాత్రం ఎడమ వైపు చివరిదాకా తిప్పితే ఆ హోరు శ్రుతి పెరుగుతుంది. చూపు మధ్యకు రాగానే మళ్లీ దిగిపోతుంది. ఈ మాట ఎవరితోనూ చెప్పలేదు, చెబితే నమ్మరని భయం.

ఈ మధ్య చదువుతుంటే, చెవి నాడి కణితి ఉన్నవారిలో చెవి హోరుకు సంబంధించిన మెదడు క్రియాశీలత నమూనాలను ఈఈజీతోను (తల మీద నుంచి మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసే పరీక్ష), ఎమ్మారైతోను గుర్తిస్తున్నారని తెలిసింది. నా సందేహాలు ఇవి. నాడి లేని చెవిలో శబ్దం ఎలా పుడుతుంది? ఆ నమూనాలు కనిపించాయంటే మెదడు దెబ్బతిన్నదని అర్థమా? ఒక చోట నా మెదడు తరంగాల చిత్రపటం తీసి, మోత ఎక్కడ ఉందో చూపించి, ఇరవై సిట్టింగుల్లో దాన్ని చెరిపేస్తామని చెబుతున్నారు. ఖర్చు పెట్టడానికి నేను వెనుకాడను, కాని వారు చెప్పేదానిలో పస ఎంతో తెలుసుకోకుండా ముందుకు వెళ్లలేకపోతున్నాను. తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పండి.


సమాధానం – శ్రవణపరీక్ష

ఎడమచెవి గారూ, నేను ఆడియాలజిస్టును. ఇలాంటి కణితులు ఉన్నవారికి ఆపరేషన్‌కు ముందు, తరవాత వినికిడి పరీక్షలు చేయడం నా పనిలో భాగం. మీరు చివర్లో చెప్పడానికి జంకిన విషయంతోనే మొదలుపెడతాను. చూపు తిప్పినప్పుడు హోరు మారడం మీ ఊహ కాదు. ఈ కణితులను తొలగించిన తరవాత కొందరిలో ఇది కనబడుతుందని వైద్య సాహిత్యంలో దశాబ్దాలుగా నమోదై ఉంది, దానికి ప్రత్యేకంగా పేరు కూడా ఉంది. కొందరికి దవడ బిగిస్తే మారుతుంది. చాలా అరుదుగా, చేతి మీద ఒక చోట తాకితే మోత మొదలయ్యేవారు కూడా ఉన్నారు. మీ వైద్యులకు తప్పకుండా చెప్పండి. నమ్మకపోవడం అటుంచి, మీ మోత చెవిలో కాక మెదడులో పుడుతోందనడానికి మీరు చెప్పిన ఆ ఒక్క వాక్యమే బలమైన ఆధారమని వారు గుర్తిస్తారు. కన్ను కదిలితే శ్రుతి మారే శబ్దం చెవిలో పుట్టిందని ఎవరు అనగలరు?

ఇక నాడి లేకుండా శబ్దం ఎలా అన్న ప్రశ్న. మనకు వినిపించడమంటే చెవి మెదడుకు శబ్దాన్ని గొట్టంలో నీళ్లలా పంపడం కాదు. లోపలి చెవిలోని కాక్లియా శబ్దాన్ని విద్యుత్ సంకేతాలుగా మారుస్తుంది; శ్రవణ నాడి వాటిని మెదడు కాండంలోని కాక్లియర్ న్యూక్లియస్ అనే నాడీకణాల గుంపుకు చేరుస్తుంది; అక్కడి నుంచి మెట్టు మెట్టుగా మెదడు మధ్యలోని థాలమస్‌కు, మెదడు పై పొరలో శబ్దాన్ని గుర్తించే భాగమైన శ్రవణ కార్టెక్స్‌కు వెళ్తాయి. ఈ మార్గంలోని నాడీకణాలు నిశ్శబ్దంలో కూడా పూర్తిగా మౌనంగా ఉండవు. ఎంతో కొంత లయతో, దేనికది విడివిడిగా మినుకుమినుకుమంటూనే ఉంటాయి. ఆ సహజమైన సడిని మెదడు శబ్దంగా లెక్కించదు.

కణితి నాడిని నొక్కినా, నాడికి రక్తం అందకపోయినా, కణితి నుంచి వెలువడే పదార్థాలు కాక్లియాకు హాని చేసినా, పైకి వచ్చే సంకేతాలు తగ్గిపోతాయి. అప్పుడు పై మెట్టులోని నాడీకణాలు తమ స్పందనను పెంచుకుంటాయి. వాటిని అదుపులో ఉంచే నిరోధక సంకేతాలు కూడా బలహీనపడతాయి. చీకట్లో కళ్లు పెద్దవి చేసి చూసేవాడికి లేని ఆకారాలు కనిపించినట్టు, రాని సంకేతం కోసం చెవి ఒగ్గిన మెదడుకు తన సొంత సడే శబ్దంగా వినిపిస్తుంది. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో, చెవిని దెబ్బతీసిన తరవాత కాక్లియర్ న్యూక్లియస్‌లో ఈ సడి పెరగడం, విడివిడిగా మోగే కణాలు జట్టుగా మోగడం కొలిచి చూశారు. ఇది ఎంత సహజమైన ధోరణో తెలియడానికి ఒక పాత ప్రయోగం చెబుతాను. 1953లో హెల్లర్, బెర్గ్‌మన్ అనే పరిశోధకులు వినికిడి మామూలుగా ఉన్న 80 మందిని ఒక్కొక్కరుగా శబ్దం చొరబడని గదిలో కూర్చోబెట్టి, ఏమైనా వినిపిస్తోందా అని అడిగారు. 94 శాతం మంది ఏదో ఒక శబ్దం వినిపిస్తోందన్నారు.

నాడిని పూర్తిగా కోసేసినప్పుడు జరిగేది ఇదే దారిలో మరో అడుగు. తీసేసిన కాలు వేళ్లు నొప్పి పెడుతున్నాయని చెప్పేవారి పరిస్థితితో దీన్ని పోల్చడం ఉత్త ఉపమానం కాదు; రెండింటిలోనూ సంకేతం ఆగిపోయిన చోట మెదడే ఆ ఖాళీని నింపుతోంది. ఒకప్పుడు హోరు భరించలేనివారికి ఉపశమనం కలిగించాలని శ్రవణ నాడిని కోసిన సందర్భాలు కూడా ఉన్నాయి. కొందరికి తగ్గింది, కొందరికి అలాగే ఉండిపోయింది, మరికొందరికి పెరిగింది. కణితి ఆపరేషన్ తరవాత కూడా ఇంతే: తగ్గేవారు, మారనివారు, పెరిగేవారు ముగ్గురూ ఉంటారు, అంతకుముందు హోరు లేనివారికి కొత్తగా మొదలు కావడం కూడా ఉంటుంది. ఈ సంగతి ఆపరేషన్‌కు ముందు మీతో ఎవరో ఒకరు కూర్చొని స్పష్టంగా చెప్పి ఉండవలసింది. అలా చెప్పకపోవడం మీకు జరిగిన లోటేనని నా అభిప్రాయం.


సమాధానం – తరంగలేఖ

నేను ఈఈజీ సంకేతాల విశ్లేషణ మీద పనిచేస్తాను. చెవి హోరు ఉన్నవారి రికార్డింగులు చాలా దగ్గరగా చూసిన అనుభవం ఉంది కాబట్టి మీ రెండో ప్రశ్నకు, మూడో ప్రశ్నకు నేను సమాధానం చెబుతాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

హోరు మీద మెదడు పరిశోధన చేసేవారికి చెవి నాడి కణితి ఉన్నవారు ఎందుకు అంత ముఖ్యమో ముందు చెప్పాలి. మామూలుగా హోరుతో వచ్చేవారిలో కారణాలు కలగాపులగంగా ఉంటాయి. ఒకరికి వయసు, ఒకరికి పెద్ద శబ్దాల మధ్య చేసిన ఉద్యోగం, మరొకరికి ఏ కారణమూ దొరకదు. ఈ కణితి విషయంలో అలా కాదు. నాడి చుట్టూ పొరగా ఉండే ష్వాన్ కణాల నుంచి, ఎక్కువగా సమతుల్యతకు సంబంధించిన శాఖ మీద పుట్టే గడ్డ, చాలామందిలో ఒకే వైపు ఉంటుంది, ఎమ్మారైలో మిల్లీమీటర్లతో సహా కనిపిస్తుంది. ఏ చెవి నుంచి సంకేతం తగ్గిందో తెలుసు, ఏ రోజున పూర్తిగా ఆగిందో కూడా తెలుసు. అన్నిటికంటే ముఖ్యంగా, అదే కణితి ఉండి కూడా హోరు లేనివారు ఉన్నారు. ఈ రోగుల్లో సగానికి పైగా హోరుతో బాధపడతారు, మిగిలినవారు పడరు. ఈ రెండు గుంపులనూ వినికిడి నష్టం సమానంగా ఉండేలా జతపరిచి పోల్చితేనే, కనిపించిన తేడా హోరుదా లేక చెవుడుదా అని విడదీయడం సాధ్యం. ఆరోగ్యవంతులతో మాత్రమే పోల్చిన అధ్యయనాలు ఈ ముడిని విప్పలేవు. ఏ వ్యాసం చదివినా, ఎవరితో పోల్చారు అన్న ప్రశ్నకు సమాధానం వెతికి ఆ తరవాతే ముందుకు వెళ్లండి.

ఇప్పటిదాకా కనిపించిన నమూనాల సంగతి. మెలకువగా, కళ్లు మూసుకొని, ఏ పనీ చేయకుండా కూర్చున్న మనిషి తల మీద సెకనుకు 8 నుంచి 12 సార్లు ఊగే ఆల్ఫా తరంగాలు బలంగా ఉంటాయి. శ్రవణ కార్టెక్స్‌కు కూడా తనదైన ఆల్ఫా లయ ఉంది, అది ఆ ప్రాంతాన్ని అవసరం లేనప్పుడు అణచి ఉంచే పనికి తోడ్పడుతుందని భావిస్తారు. హోరు ఉన్నవారిలో ఈ లయ తగ్గి, అంతకంటే నెమ్మదైన డెల్టా తరంగాలు పెరిగినట్టు 2005లో అయస్కాంత పద్ధతిలో మెదడును కొలిచిన ఒక ప్రసిద్ధ అధ్యయనం చూపింది. సెకనుకు 30 సార్లకు మించి ఊగే గామా తరంగాలు పెరిగినట్టు కూడా కొన్ని అధ్యయనాల్లో వచ్చింది. వీటన్నిటినీ ఒక తాటి మీదికి తెచ్చే సిద్ధాంతాన్ని నాడీశాస్త్రజ్ఞుడు రొడాల్ఫో లినాస్, ఆయన సహచరులు 1999లో ప్రతిపాదించారు. కింది నుంచి సంకేతాలు అందని థాలమస్ కణాలు నిద్రలో ఉన్నప్పటి లాంటి నెమ్మది లయలోకి జారుకుంటాయని, ఆ లయ కార్టెక్స్‌కు పాకుతుందని, దాని అంచుల్లో నిరోధం సడలి గామా ఎగసిపడుతుందని, మనకు శబ్దంగా తోచేది ఆ ఎగసిపాటేనని వారి వాదన. ఇది చాలా అందమైన సిద్ధాంతం. అయితే అన్ని రికార్డింగులూ దానికి లొంగలేదు. గామా విషయంలో ఫలితాలు ఒకదానితో ఒకటి విభేదించడం నేనే చూశాను.

మోతను వినడం ఒకటి, దానితో బాధపడటం ఇంకొకటి. ఎమ్మారైతో విశ్రాంతిలో ఉన్న మెదడు ప్రాంతాల మధ్య అనుబంధాన్ని కొలిచే అధ్యయనాల్లో శ్రవణ కార్టెక్స్ ఒక్కటే కాదు, ముఖ్యమైనదేదో గుర్తించి హెచ్చరించే ఇన్సులా, సింగ్యులేట్ ముందు భాగం, జ్ఞాపకానికి చెందిన పారాహిప్పోకాంపస్, ఊరికే ఉన్నప్పుడు మనసు లోపలికి మళ్లే సమయంలో పనిచేసే డిఫాల్ట్ మోడ్ వలయం కూడా మారినట్టు నివేదించారు. 2010లో రౌషెకర్ అనే పరిశోధకుడి బృందం మరో ఆలోచన ముందుకు తెచ్చింది. హోరు లాంటి సంకేతం కింద పుట్టినా, మెదడు ముందు భాగంలోని ఒక వ్యవస్థ దాన్ని థాలమస్ దగ్గరే తలుపు వేసి ఆపగలదని, ఆ తలుపు సరిగా మూయనివారికే అది నిత్యం వినిపిస్తుందని వారంటారు. ఒకే కణితి, ఒకే స్థాయి చెవుడు ఉన్న ఇద్దరిలో ఒకరికి హోరు ఉండి మరొకరికి లేకపోవడానికి నాకు నచ్చిన వివరణ ఇదే.

ఈ మార్పులు కనిపించాయంటే మెదడు దెబ్బతిన్నట్టు కాదు. అది పోగొట్టుకున్న సంకేతానికి సర్దుకుంటున్న తీరు. ఈఈజీలో కనిపించేది గాయపు మచ్చ కాదు, ఆ నిమిషంలో జరుగుతున్న పని.

ఇప్పుడు చిత్రపటం సంగతి. దీన్ని నేను తేలిగ్గా చెప్పలేను, ఎందుకంటే నా పనే అది. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, 64 ఎలక్ట్రోడ్లున్న టోపీ తొడిగి, ఐదు నిమిషాలు కళ్లు మూసుకోమంటాం. దవడ వదులుగా పెట్టండి, పళ్లు కలపకండి అని ప్రతి ఒక్కరికీ చెబుతాం, అయినా హోరుతో విసిగినవారు తెలియకుండానే దవడ బిగిస్తారు. ఆ క్షణంలో తెర మీద చెవుల దగ్గరి గీతలన్నీ నల్లగా, దట్టంగా గిలికినట్టు అయిపోతాయి. అది మెదడు కాదు, కణత కండరం. కండరపు విద్యుత్తు సరిగ్గా బీటా, గామా శ్రేణిలోనే పడుతుంది. ఆ ముక్కను జాగ్రత్తగా తీసేయకుండా రంగులు వేస్తే, చెవి పైన ఎర్రగా మెరిసే ఒక మచ్చ వస్తుంది, హోరు అదిగో అక్కడుంది అని ఎవరైనా చూపించవచ్చు. నిద్ర కోసం, ఆందోళన కోసం వాడే బెంజోడయాజిపైన్ మాత్రలు కూడా బీటాను పెంచుతాయి. మీ విషయంలో ఇంకో చిక్కు ఉంది. పుర్రె ఎముక విద్యుత్తును బాగా అడ్డుకుంటుంది. ఎముక తొలిచిన చోట ఆ అడ్డు తగ్గి, లోపలి తరంగాలు, ముఖ్యంగా వేగవంతమైనవి, మామూలు కంటే ఎత్తుగా నమోదవుతాయి. దీన్ని నాడీ వైద్యులు బాగా ఎరుగుదురు. ఎడమ చెవి వెనుక ఎముక తీసిన వ్యక్తి పటాన్ని ఆపరేషన్ కాని వారి సగటుతో పోలిస్తే ఎడమ పక్కన తేడా రాక మానదు, దానికీ మోతకూ సంబంధం ఉండనక్కర లేదు. ఇంకా, ఎడమ చెవి సంకేతాల్లో ఎక్కువ భాగం కుడి కార్టెక్స్‌కు దాటి వెళ్తాయి. హోరు ఎడమ చెవిలో వినిపించినంత మాత్రాన ఎడమ పక్కనే వెతకడం కూడా సరికాదు.

ఎమ్మారైకి దాని కష్టం దానికుంది. ఆ యంత్రమే వంద డెసిబెల్స్ దాటిన మోత చేస్తుంది, నిశ్శబ్దంలో వినిపించే హోరును ఆ రొదలో కొలవాలి. అందుకే ఈ మధ్య ఈ కణితి రోగుల్లో ఈఈజీ మైక్రోస్టేట్ల పద్ధతి వైపు మొగ్గు పెరిగింది. తల మీది విద్యుత్ నమూనా సెకనులో దాదాపు పదోవంతు సేపు ఒక రూపంలో నిలిచి, చటుక్కున మరో రూపంలోకి మారుతుంది; ఆ రూపాలు ఎంతసేపు నిలుస్తున్నాయి, ఏది దేని తరవాత వస్తోంది అని లెక్కిస్తారు. ఆసక్తికరమైన దారే. అయినా ఈ పద్ధతులన్నిటికీ ఒకే హద్దు ఉంది: అవి గుంపుల సగటుల మధ్య తేడాను చూపుతాయి. హోరు ఉన్నవారి కొలతలు, లేనివారి కొలతలు ఒకదాని మీద ఒకటి ఎంతగానో పడతాయి. ఒక్క మనిషి పటం చూసి ఈయనకు హోరు ఉంది, ఈమెకు లేదు అని తేల్చే పరీక్ష ఇప్పటికి లేదు. అలాంటప్పుడు అదే పటాన్ని చూసి మోతను చెరిపేస్తామనడం పరిశోధన చెప్పినదానికి చాలా దూరం వెళ్లిన మాట.


సమాధానం – వేచిచూస్తున్నవాడిని

నాకు కుడి వైపు 8 మిల్లీమీటర్ల కణితి ఉంది, నాడి వెళ్లే ఎముక సందులోనే ఉండిపోయింది. మూడేళ్లుగా ఏటా ఎమ్మారై తీస్తూ గమనిస్తున్నారు, పెరగలేదు. వినికిడి సగం ఉంది. హోరు కూడా ఉంది. నేను గమనించింది ఏమిటంటే, కణితి ఒక్క మిల్లీమీటరు కదలకపోయినా నా హోరు మాత్రం నెలకో తీరుగా ఉంటుంది. పోయిన ఏడాది మా నాన్నగారి అనారోగ్యం వల్ల రెండు నెలలు సరిగా నిద్ర లేనప్పుడు అది తల నిండా నిండిపోయింది. అప్పుడే తీసిన స్కానులో గడ్డ ఎక్కడిదక్కడే ఉంది. ఇప్పుడు మీ ఇద్దరి సమాధానాలు చదివాక నాకు ఒక భయం పట్టుకుంది. మెదడు ఇలా అలవాటు పడిపోకముందే, తొందరగా ఆపరేషన్ చేయించుకుంటే హోరు స్థిరపడకుండా ఆపవచ్చా? వేచి చూడటం వల్ల నేను ఏమైనా పోగొట్టుకుంటున్నానా?


సమాధానం – శ్రవణపరీక్ష

వేచిచూస్తున్నవాడిని గారూ, హోరును ఆపడానికి మాత్రమే ఆపరేషన్‌కు తొందరపడవద్దు. ఈ కణితుల్లో చాలావాటికి ఏళ్ల తరబడి ఎదుగుదలే ఉండదు, పెరిగేవి కూడా సగటున ఏడాదికి ఒకటి రెండు మిల్లీమీటర్లే పెరుగుతాయి. గమనిస్తూ ఉండటం, శస్త్రచికిత్స, గామా నైఫ్ వంటి రేడియో సర్జరీ (కోత లేకుండా కిరణాలతో చేసే చికిత్స), ఈ మూడింటిలో ఏది అన్నది కణితి పరిమాణం, పెరుగుదల, మిగిలిన వినికిడి, వయసు, ఆరోగ్యం చూసి నిర్ణయిస్తారు. పై ప్రశ్న వేసినవారి అనుభవమే చెబుతోంది కదా, ఉన్న సంకేతాన్ని కూడా తెంచేస్తే మెదడు మరింత వెతుక్కునే ప్రమాదం ఉంది. మీకు మిగిలిన ఆ సగం వినికిడి చాలా విలువైనది. దాన్ని వాడండి, తగిన వినికిడి యంత్రంతో బయటి శబ్దాలు అందితే ఆ చెవి హోరు కొంత మరుగున పడే అవకాశం మీకు ఉంది, ఎడమచెవి గారికి లేదు.

మీరు గమనించింది కూడా సరైనదే. కణితి పరిమాణానికి, హోరు బాధకు పొంతన కుదరదు. అంతే కాదు, హోరు ఎంత బిగ్గరగా ఉందో పరీక్షలో జతపరిచి చూస్తే, ఎక్కువమందిలో అది వారి వినికిడి అంచు కంటే 5 నుంచి 10 డెసిబెల్స్ మించి ఉండదు. జీవితాన్ని తలకిందులు చేస్తున్న మోత కొలతలో ఆకుల గలగల కంటే చిన్నదని చెబితే, రోగులు తమను నమ్మడం లేదనుకుంటారు. అలా కాదు. బాధను కొలవడానికి వేరే సాధనం ఉంది: 25 ప్రశ్నలు, 0 నుంచి 100 దాకా మార్కులు ఉండే ప్రశ్నావళి, 1996 నుంచి వాడుకలో ఉంది. ఆరు నెలలకోసారి దాన్ని నింపండి. నిద్ర, ఆందోళన, ఆ మోత మీదే మనసు పెట్టడం, ఇవి ఆ మార్కులను కణితి కంటే ఎక్కువగా కదిలిస్తాయి.

ఇదే కారణం చేత, ఇప్పటిదాకా గట్టి ఆధారాలున్న చికిత్స కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే ఆలోచనలను, అలవాట్లను మార్చుకోవడం నేర్పే మానసిక చికిత్స. అది మోతను తగ్గిస్తుందని చెప్పను. దానితో మనిషికున్న పోట్లాటను తగ్గిస్తుంది. హోరును పోగొట్టే మందు మాత్రం ఏదీ ఆమోదం పొందలేదు.

ఒక హెచ్చరిక ఇద్దరికీ. వినికిడి ఒక్కసారిగా పడిపోయినా, మొహం తిమ్మిరెక్కినా, బలహీనపడినా, గుండె కొట్టుకునే లయతో మోత వినిపించినా, తలనొప్పితో నడక తప్పుతున్నా వచ్చే అపాయింట్‌మెంటు దాకా ఆగవద్దు.


సమాధానం – ఎడమచెవి

అందరికీ కృతజ్ఞతలు. ఎముక తీసిన చోట తరంగాలు ఎత్తుగా నమోదవుతాయన్న మాట నాకు కనువిప్పు. ఆ చిత్రపటం నమూనా అని ఒకరిది నాకు చూపించినప్పుడు, ఆపరేషన్ అయిన చెవి వెనుకే ఎర్ర మచ్చ ఉంది; నేను దాన్ని చూసి నిజంగానే నమ్మాను. రెండు విషయాలు ఇంకా అడగాలనుంది. వారు అయస్కాంత ప్రేరణ కూడా ఇస్తామన్నారు, దాని సంగతేమిటి? చూపు తిప్పితే హోరు మారడానికి కారణం ఏమిటి?


సమాధానం – తరంగలేఖ

తల మీద నుంచి అయస్కాంత ప్రేరణ ఇచ్చే పద్ధతి మీద మంచి పరిశోధనలు జరిగాయి, ఫలితాలు నిలకడగా రాలేదు. అమెరికాలోని చెవి, ముక్కు, గొంతు వైద్యుల సంఘం 2014లో వెలువరించిన మార్గదర్శకాలు దాన్ని హోరుకు మామూలు చికిత్సగా వాడవద్దని చెప్పాయి. చెవికి శబ్దాలు, నాలుకకు సన్నటి విద్యుత్ ప్రేరణ కలిపి ఇచ్చే పరికరానికి అక్కడి మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2023లో అనుమతి ఇచ్చింది. కాని అందులో సగం పని చెవి గుండా వెళ్లే శబ్దానిది, మీ ఎడమ చెవిలో ఆ దారి మూసుకుపోయింది. కాక్లియాలో అమర్చి శ్రవణ నాడిని విద్యుత్తుతో ప్రేరేపించే కాక్లియర్ ఇంప్లాంట్ వల్ల ఒక చెవి మాత్రమే పోయినవారిలో హోరు బాగా తగ్గిన సందర్భాలు 2008 నుంచి నమోదవుతున్నాయి. అదీ శ్రవణ నాడి మిగిలి ఉన్నవారికే. మీ నాడిని పూర్తిగా కోశారా, కొంత నిలిపారా అన్నది ఆపరేషన్ నోట్‌లో స్పష్టంగా రాసి ఉంటుంది. ఆ ఒక్క వాక్యం అడిగి తెలుసుకోండి, ఎన్నో దారులు దాని మీద ఆధారపడి ఉన్నాయి. సిట్టింగులు ఇస్తామన్నవారిని రెండే ప్రశ్నలు అడగండి: ఉత్తుత్తి ప్రేరణ ఇచ్చిన మరో గుంపుతో పోల్చి చూశారా, మీలాగా శ్రవణ నాడి తెగినవారు ఆ పరీక్షలో ఎంతమంది ఉన్నారు?

చూపు విషయానికి వస్తే, 2001లో ఇలాంటి రోగుల మీద పెట్ స్కానుతో (మెదడులో ఏ భాగం ఎంత చురుగ్గా పనిచేస్తోందో చూపే స్కాను) చేసిన అధ్యయనం ఒకటి ఉంది. మామూలు మనుషులు చూపును పక్కకు తిప్పి నిలిపినప్పుడు శ్రవణ కార్టెక్స్ పని కొంత అణగుతుంది. ఈ రోగుల్లో ఆ అణచివేత జరగలేదు, మెదడు కాండంలో శ్రవణ మార్గానికి చెందిన భాగం కూడా ఎక్కువగా పనిచేసింది. చెవి నుంచి వచ్చే సంకేతం ఆగిపోయాక, పక్కనే ఉన్న కంటి కదలికల వ్యవస్థ ప్రభావం ఆ మార్గం మీద బయటపడుతోందని అర్థం చేసుకోవచ్చు. నా మటుకు నాకు, పరిశోధనలో మీలాంటివారి పాత్ర ఇక్కడే అమూల్యం. మామూలు హోరును ఆపి మళ్లీ మొదలుపెట్టడం ఎవరి చేతుల్లోనూ లేదు; మీరు మాత్రం చూపు తిప్పి దాన్ని పెంచగలరు, తగ్గించగలరు. ఒకే మనిషిలో, ఒకే కూర్చోవడంలో, ఒకే చెవుడుతో హోరు పెరిగిన స్థితిని, తగ్గిన స్థితిని పోల్చే వీలు అలా దొరుకుతుంది. వినికిడి నష్టం తేడాల గొడవే అక్కడ ఉండదు.


సమాధానం – ఎడమచెవి

రాత్రి అందరూ పడుకున్నాక గోడకు ఎదురుగా కూర్చొని పరీక్షించుకున్నాను. చూపు ఎడమకు పూర్తిగా తిప్పగానే శ్రుతి పెరుగుతోంది, మధ్యకు తెస్తే రెండు మూడు సెకన్లలో పాత చోటికి దిగుతోంది. కుడికి తిప్పితే మార్పు చాలా కొద్ది. తల తిప్పి చూపును ముక్కుకు సూటిగా ఉంచితే ఏమీ మారడం లేదు. దీపం ఆర్పి, కళ్లు మూసుకొని, రెప్పల కింద కనుగుడ్లను ఎడమకు తిప్పినా శ్రుతి పెరుగుతోంది. దవడ బిగిస్తే హోరు కొంచెం గరుకుగా మారుతోంది, ఇది ఇప్పటిదాకా నేను గమనించనే లేదు. ఇవన్నీ తేదీ, సమయం వేసి ఒక కాగితం మీద రాసుకున్నాను. సిట్టింగులకు ఇవ్వవలసిన అడ్వాన్సు ఆపేశాను. వచ్చే వారం సర్జన్ గారిని కలిసినప్పుడు ఈ కాగితం ఆయన ముందు పెట్టి, ఆపరేషన్ నోట్‌లో నాడి గురించి ఏం రాశారో అడుగుతాను. ఆయన చెప్పింది ఇక్కడే రాస్తాను.